విడిపోయిన తర్వాత పింఛను ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం భార్యాభర్తలు విడిపోయిన తర్వాత పింఛను, పీఎఫ్, గ్రాట్యుటీ ఎవరికి చెందుతాయన్న విషయం మీదే ఉన్నందున, ఈసారి శీర్షికను ఆ ఒక్క అంశానికే కేటాయిస్తున్నాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు తీసివేసి ఊళ్లు మాత్రమే ఉంచాము. చాలా ఉత్తరాలలో విడాకులు తీసుకున్నవారు, తీసుకోకుండా వేరుగా ఉంటున్నవారు ఒకే మాట రాశారు: ‘మేము విడిపోయాము’. ఇంట్లో ఈ రెండింటికీ తేడా కనిపించకపోవచ్చు. పింఛను కార్యాలయంలో మాత్రం తేడా అంతా అక్కడే ఉంది.

ప్రశ్న: నా వయసు 58. మావారు రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి 2016లో రిటైరయ్యారు. 19 ఏళ్లుగా వేరుగా ఉంటున్నాము. అప్పట్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి, ‘ఇకమీదట ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు’ అని స్టాంపు కాగితం మీద రాయించి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. కోర్టుకు ఎవరమూ వెళ్లలేదు. ఆయన వేరొక ఆవిడతో ఉంటున్నారు, వారికి ఒక బాబు. పింఛను కాగితాల్లో ఆవిడ పేరే రాయించాననీ, వీలునామా కూడా రాశాననీ, తన తర్వాత నాకు పైసా రాదనీ అంటున్నారు. నిజమేనా?
– కాజీపేట

జవాబు: నిజం కాదు. మీరు ఈ రోజుకీ చట్టం దృష్టిలో ఆయన భార్యే. ఆయన తదనంతరం కుటుంబ పింఛను అడిగే హక్కు మీకుంది.

ముందుగా స్టాంపు కాగితం సంగతి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని కోర్టు ఇచ్చే డిక్రీయే రద్దు చేయగలదు. పెద్దమనుషుల ముందు రాసుకున్న తెగదెంపుల కాగితం, నోటరీ సంతకం ఉన్నా సరే, డిక్రీతో సమానం కాదు. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని సామాజిక వర్గాలలో తరతరాలుగా వస్తున్న ఆచార విడాకులను అదే చట్టంలోని 29వ సెక్షన్ గుర్తిస్తుంది. అయితే అటువంటి ఆచారం తమ వర్గంలో పూర్వం నుంచీ ఉన్నదనీ, ఆ పద్ధతి ప్రకారమే విడిపోయామనీ అలా చెప్పుకునేవారే సాక్ష్యాలతో రుజువు చేయాలి. ఊళ్లో నలుగురు పెద్దలు సరేనన్నారన్నంత మాత్రాన అది ఆచారం కాదు. మీ ఉత్తరంలో అలాంటి ఆచారం ప్రస్తావన లేదు కనుక, మీ వివాహం కొనసాగుతున్నట్టే భావించి మిగతా జవాబు రాస్తున్నాను.

ఇక పింఛను కాగితాల్లో పేరు. రిటైరయ్యేటప్పుడు ఉద్యోగి ఇచ్చే కుటుంబ వివరాల ఫారం కార్యాలయానికి సమాచారం మాత్రమే. అందులో ఎవరి పేరు రాస్తే వారు భార్య అయిపోరు. మొదటి భార్య బతికి ఉండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు కాబట్టి, ఆ పెళ్లి మీద ఆధారపడి ఆవిడ కుటుంబ పింఛను పొందలేరు. 2000లో సుప్రీంకోర్టు బీహార్‌కు చెందిన ఒక ప్రభుత్వోద్యోగి కుటుంబం కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. అదే తీర్పులో రెండో భార్య పిల్లలకు మేజరయ్యే వరకు వాటా ఉంటుందని కూడా చెప్పింది. అందువల్ల ఆ బాబుకు వాటా వచ్చే అవకాశం ఉందన్నది మీరు గుర్తుంచుకోవాలి. పిల్లవాడి హక్కును మీ మీద జరిగిన అన్యాయంతో కలిపి చూడవద్దని నా మనవి.

వీలునామా విషయంలో మీకు దగ్గరి కేసే ఒకటి ఉంది. ఒక రైల్వే ఉద్యోగి భార్యతో పడక, తన సోదరుడి పేర వీలునామా రాసి మరణించాడు. సోదరుడు కుటుంబ పింఛను తనకే రావాలన్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కుటుంబ పింఛను ఉద్యోగి ఆస్తి కాదు. అది ఆయన బతికి ఉండగా ఆయన చేతికి వచ్చే సొమ్ము కాదు, ఆయన మరణంతో నిబంధనల ప్రకారం కుటుంబానికి పుట్టే హక్కు. తనది కానిదాన్ని ఎవరూ వీలునామాలో రాయలేరు. ఇల్లు, పొలం, బ్యాంకు సొమ్ము వంటి స్వార్జితం మాత్రం ఆయన ఇష్టం వచ్చినవారికి రాసుకోవచ్చు. అందుచేత ‘పైసా రాదు’ అన్న మాట ఇంటి విషయంలో నిజం కావచ్చు గానీ, పింఛను విషయంలో కాదు.

ఎంత వస్తుందో కూడా చెబుతాను. కుటుంబ పింఛను మామూలు రేటు చివరి మూల వేతనంలో 30 శాతం. కేంద్రంలో కనీసం 9,000 రూపాయలు. పింఛనుదారు మరణించిన తర్వాత ఏడేళ్ల వరకు, లేదా బతికి ఉంటే ఆయనకు 67 ఏళ్లు నిండే తేదీ వరకు, ఏది ముందైతే అంతవరకు 50 శాతం ఇస్తారు. 60 ఏళ్లకు 2016లో రిటైరైన మీవారికి 67 దాటిపోయాయి కనుక మీకు వర్తించేది 30 శాతమే. చివరి మూల వేతనం 60,000 అనుకుంటే 18,000, దాని మీద కరువు భత్యం అదనం. ఆయన పింఛనులో కొంత కమ్యుటేషన్ చేసుకున్నా, అంటే ముందుగానే ఒకేసారి మొత్తంగా తీసుకున్నా, మీకు వచ్చేది తగ్గదు.

పింఛను విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఒక దృశ్యం మరచిపోలేను. పింఛను పత్రం కోసం భార్యాభర్తల జాయింట్ ఫోటో ఇవ్వాలి కదా. ఒక పెద్దాయన తెచ్చిన ఫోటోలో ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది, ఆ చెయ్యి తాలూకు మనిషి లేదు. పెళ్లి ఫోటోలోంచి తనను కత్తిరించి, పక్కన ఇంకొక ఆవిడ ఫోటో అతికించి, జిరాక్సు తీసి తెచ్చాడు. గుమాస్తా పట్టుకున్నాడు గనుక సరిపోయింది. పట్టుకోకపోతే ఆ చెయ్యి తాలూకు మనిషి పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగేది.

అందుకని మీరు ఆయన మరణం దాకా ఆగవద్దు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, పాత రేషన్ కార్డు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, రైల్వే పాసుల్లో మీ పేరున్న కాగితాలు, ఏది దొరికితే అది పోగుచేసి, మీరే ఆయన భార్య అనీ, విడాకులు జరగలేదనీ, కుటుంబ వివరాల్లో వేరొకరి పేరుంటే దానికి అభ్యంతరం చెబుతున్నాననీ ఆయన పింఛను మంజూరు చేసిన డివిజన్ పర్సనల్ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు భద్రపరచండి. రేపు ఇద్దరు దరఖాస్తు చేసినప్పుడు ఆ ఉత్తరం ఫైల్లో ఉండటమే మీ బలం. ఆయన మరణిస్తే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో మీ పేరు ఉండేటట్టు చూసుకోండి. వివాదం ముదిరితే, మీరే చట్టబద్ధమైన భార్య అని సివిల్ కోర్టు నుంచి డిక్లరేషన్ తెచ్చుకోమంటారు. అప్పటికి ఈ కాగితాలే సాక్ష్యాలు.

ఇంకొక మాట. 19 ఏళ్లుగా మీరు మనోవర్తి అడగలేదని ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద, ఇప్పుడైనా అడగవచ్చు. ఆయనకు నెలనెలా వచ్చే పింఛనును కోర్టు ఆదాయంగానే లెక్కిస్తుంది.

ప్రశ్న: తపాలా శాఖలో పనిచేసే నా భర్తకూ నాకూ 2019లో పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. 8 లక్షలు శాశ్వత మనోవర్తిగా తీసుకున్నాను. తిరిగి పెళ్లి చేసుకోలేదు. ఆయన రెండేళ్ల క్రితం చేసుకున్నారు. మా అబ్బాయికి 19, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. 21 ఏళ్లు కాపురం చేశాను. ఆయన పింఛనులో నాకు ఏ భాగమూ రాదా?
– విజయవాడ

జవాబు: మీకు రాదు. మీ అబ్బాయికి వచ్చే హక్కు ఉంది. ఈ రెండో మాట చాలామందికి తెలియదు.

డిక్రీ వచ్చిన రోజునే మీరు నిబంధనల్లోని ‘కుటుంబం’ నుంచి బయటికి వచ్చేశారు. మన నిబంధనలు ఒకే ప్రశ్న వేస్తాయి: ఉద్యోగి మరణించిన రోజున భార్య ఎవరు? ఎన్నేళ్లు భార్యగా ఉన్నారన్నది అడగవు. రిటైరైన తర్వాత పెళ్లాడిన భార్యకు కూడా కుటుంబ పింఛను వస్తుంది, 21 ఏళ్లు వంటచేసి, బదిలీ అయిన ప్రతి ఊరికీ సామాను సర్దిన భార్యకు రాదు. ఇది న్యాయంగా ఉందని నేను అనను. కోర్టు కేవలం ‘న్యాయిక వేర్పాటు’ డిక్రీ ఇచ్చి ఉంటే, అంటే వివాహం నిలిచే ఉండి కాపురం మాత్రం వేరైతే, భార్యకు హక్కు పూర్తిగా పోదు. వ్యభిచారం కారణంగా వేర్పాటు ఇచ్చిన సందర్భం మాత్రం వేరు. మీది విడాకుల డిక్రీ కనుక ఆ దారి లేదు.

ఇక మీ అబ్బాయి విషయం. కేంద్ర పింఛను నిబంధనల ప్రకారం, మరణించిన ఉద్యోగికి భార్య ఉండి, విడాకులు పొందిన భార్య ద్వారా పిల్లలు కూడా ఉంటే, విడాకులు కాకపోయి ఉంటే వారి తల్లికి ఎంత వాటా వచ్చేదో ఆ వాటా అర్హతగల ఆ పిల్లలకు చెందుతుంది. మీ విషయంలో అది సగం. రెండో భార్యకు ఒక సగం, మీ అబ్బాయికి ఒక సగం. అతనికి 25 ఏళ్లు నిండేవరకు, లేదా పెళ్లి అయ్యేవరకు, లేదా నిర్ణీత పరిమితికి మించి సంపాదించడం మొదలుపెట్టేవరకు, వీటిలో ఏది ముందైతే అంతవరకు. ఆ తర్వాత ఆ వాటా మురిగిపోదు, రెండో భార్యకు చేరుతుంది. పిల్లవాడికి సంపాదించుకోలేనంత వైకల్యం ఉంటే జీవితాంతం ఇచ్చే ఏర్పాటు ఉంది.

అయితే కార్యాలయంలో అతని పేరు ఉంటేనే ఇది సజావుగా జరుగుతుంది. రెండో పెళ్లి తర్వాత కుటుంబ వివరాలు కొత్తగా ఇచ్చేటప్పుడు మొదటి భార్య పిల్లల పేర్లు ‘మరచిపోవడం’ నేను ఎన్నోసార్లు చూశాను. అబ్బాయి పుట్టిన తేదీ సర్టిఫికెట్, విడాకుల డిక్రీ నకలు జతచేసి, అతని పేరు రికార్డులో ఉంచమని మేజరైన అబ్బాయి చేతనే ఒక దరఖాస్తు పెట్టించండి. తండ్రితో మాటలున్నట్లయితే ఆయన ద్వారానే చేయించడం ఇంకా సులువు. పింఛను కాక మిగిలిన సొమ్ములో, అంటే జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి), గ్రాట్యుటీల్లో నామినేషన్ ఎవరి పేరున ఉందన్నది చూడాలి. జీపీఎఫ్‌లో నామినీ డబ్బు తీసుకోవడానికి మాత్రమే అధికారం ఉన్న మనిషి, వారసులకు అందులో హక్కు పోదు అని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికి ముందు తల్లి పేర రాసిన నామినేషన్ మీద ఆ కేసు వచ్చింది. మీ అబ్బాయి తండ్రికి మొదటి తరగతి వారసుడు, విడాకులు దానిని మార్చలేవు.

మీరు తీసుకున్న 8 లక్షల గురించి ఇప్పుడు చేయగలిగింది తక్కువ. కానీ ఈ ఉత్తరం చదివే ఇతర సోదరీమణుల కోసం నాలుగు మాటలు రాయక తప్పదు. ప్రభుత్వోద్యోగి రిటైరైన నెలలో చేతికి వచ్చే మొత్తాలు వేరువేరు దారుల్లో వస్తాయి: గ్రాట్యుటీ, కేంద్రంలో 2024 జనవరి నుంచి దాని పరిమితి 25 లక్షలు, పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్, 300 రోజుల వరకు సెలవు జీతం, జీపీఎఫ్ నిల్వ. యాభై దాటిన దంపతులు పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు మాటల్లోకి ఇల్లు వస్తుంది, బంగారం వస్తుంది, మూడేళ్ల తర్వాత రాబోయే ఈ సొమ్ము మాత్రం రాదు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసులన్నిటిలో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని ఆదేశించింది. ఆ పత్రంలో ఈ పద్దులు ఉన్నాయో లేదో మీ వకీలు చేత వరుసగా చూపించుకోండి. నెలనెలా మనోవర్తికి ఒప్పుకుంటే, అది ఆగిపోయినప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద భర్త స్థిరాస్తి మీద చార్జి, అంటే ఆ ఆస్తి నుంచి బాకీ రాబట్టుకునే హక్కు, పెట్టించే వీలుంది. దాన్ని అడిగినవారిని నేను చాలా తక్కువ చూశాను. డిక్రీలో రాయించుకోనిది తర్వాత పింఛను కార్యాలయంలో దొరకదు.

ప్రశ్న: నేను 1998లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. భర్త మీద గృహహింస కేసు, విడాకుల కేసు రెండూ నడుస్తున్నాయి. వాయిదాల మీద వాయిదాలు. నాకు ఈలోగా ఏమైనా అయితే నా కుటుంబ పింఛను ఆయనకే వెళుతుందా? మా అమ్మాయికి 22, చదువుకుంటోంది.
– హైదరాబాదు

జవాబు: కొన్నేళ్ల క్రితం అడిగి ఉంటే ‘అవును, ఆయనకే’ అని రాయవలసి వచ్చేది. 2024 జనవరిలో కేంద్ర పింఛను శాఖ ఇచ్చిన ఉత్తర్వు మీలాంటి వారి కోసమే. విడాకుల పిటిషన్ పెండింగులో ఉన్నా, లేదా గృహహింస చట్టం, వరకట్న నిషేధ చట్టం, శిక్షాస్మృతి కింద భర్త మీద కేసు నడుస్తున్నా, మహిళా ఉద్యోగి గానీ, మహిళా పింఛనుదారు గానీ తన తదనంతరం కుటుంబ పింఛను భర్తకంటే ముందు అర్హతగల బిడ్డకు ఇవ్వమని కార్యాలయ అధిపతికి రాతపూర్వకంగా కోరవచ్చు. ఆ కేసు నడుస్తుండగా ఆమె మరణిస్తే, మేజరైన అర్హతగల బిడ్డకు నేరుగా ఇస్తారు. మైనరు బిడ్డ అయితే సంరక్షకుడిగా ఉన్నంతవరకు భర్త చేతికే ఇస్తారు, సంరక్షణ వేరొకరికి మారితే వారికి ఇస్తారు. పిల్లలెవరూ అర్హులుగా మిగలనప్పుడు భర్త వంతు వస్తుంది.

మీ అమ్మాయికి 22 కాబట్టి నేరుగా ఆమెకే. ఈ సదుపాయం దానంతట అదే వర్తించదు, మీరు కోరాలి. రెండు కేసుల నంబర్లు, కోర్టు పేరు వేసి ఒక పేజీ లేఖ రాసి, మీ సర్వీసు పుస్తకంలో నమోదు చేయించి, నమోదైన పేజీ నకలు తీసుకోండి. ఈ వారమే చేయండి. మీరు 2004 జనవరికి ముందు చేరినందున పాత పింఛను విధానం మీకు వర్తిస్తోంది. ఆ తేదీ తర్వాత చేరి, జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌లో ఉన్నవారి లెక్క వేరు, వారు ఈ జవాబును తమకు అన్వయించుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వేరే పింఛను నిబంధనలు ఉన్నాయి. కేంద్రం ఉత్తర్వు వారికి దానంతట అదే వర్తించదు.

ప్రశ్న: జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పని. విడాకులై ఆరేళ్లు, మళ్లీ పెళ్లయి నాలుగేళ్లు. పీఎఫ్‌లో పాత భార్య పేరే నామినీగా ఉంది. మారుస్తే సరిపోతుందా?
– కుత్బుల్లాపూర్

జవాబు: మార్చండి, వెంటనే మార్చండి. పీఎఫ్‌లో కుటుంబం ఉన్న సభ్యుడు కుటుంబ సభ్యులకే నామినేషన్ ఇవ్వాలి. విడాకులు పొందిన భార్య కుటుంబంలోకి రాదు కనుక పాత నామినేషన్‌కు బలం లేదు. బలం లేదన్న సంగతి మీ ప్రస్తుత భార్య మీ మరణం తర్వాత కాగితాలు పట్టుకుని నిరూపించుకోవలసి వస్తుంది, అదీ బాధ. పీఎఫ్ సభ్యుల యూఏఎన్ పోర్టల్‌లో ఈ-నామినేషన్‌కు ఆధార్, ఫోటో ఉంటే పావుగంట పని. మొదటి భార్య ద్వారా పిల్లలుంటే వారి పేర్లు కూడా చేర్చండి, వారు మీ పిల్లలు కాకుండా పోలేదు.

ఈపీఎస్-95 (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను విషయంలో మీ నామినేషన్ కంటే పథకం నిబంధనే ముందు. పింఛను తీసుకుంటున్న సభ్యుడు మరణిస్తే భార్యకు ఆ పింఛనులో సగం వస్తుంది, కనీసం 1,000 రూపాయలు. ఆమెతోపాటు ఒకేసారి ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేవరకు ఒక్కొక్కరికి భార్య పింఛనులో నాలుగో వంతు ఇస్తారు. భార్య తిరిగి పెళ్లి చేసుకుంటే ఆమె పింఛను ఆగుతుంది.

ప్రశ్న: 1990లో గుంటూరులో మా పెళ్లి. 1994లో అమెరికా వచ్చాము. 2009లో న్యూజెర్సీ కోర్టులో విడాకులు. మళ్లీ చేసుకోలేదు. పిల్లల్ని పెంచుతూ ఆరేళ్లు మాత్రమే ఉద్యోగం చేశాను. నాకు ఇప్పుడు 60. ఆయనకు 64, ఇంకా పనిచేస్తున్నారు, మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆయన సోషల్ సెక్యూరిటీ (ఇక్కడి ప్రభుత్వ పింఛను) మీద నాకేమైనా వస్తుందంటున్నారు. ఆయన్ను అడగడం నాకిష్టం లేదు.
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీరు ఆయన్ను అడగనవసరం లేదు. ఆయన అనుమతి అక్కరలేదు, మీరు తీసుకున్నందువల్ల ఆయనకు గానీ, ఆయన ప్రస్తుత భార్యకు గానీ ఒక్క డాలరు తగ్గదు. విజయవాడ సోదరి ఉత్తరం పక్కన మీ ఉత్తరం పెట్టి చదివితే రెండు దేశాల చట్టాల మనసు తెలుస్తుంది. అమెరికా చట్టం ‘ఎన్నేళ్లు భార్యగా ఉన్నావు’ అని అడుగుతుంది.

ఆ అడిగే సంఖ్య పది. వివాహం విడాకుల తేదీ నాటికి పదేళ్లు నిలిచి ఉండాలి. మీది 19 ఏళ్లు. పెళ్లి గుంటూరులో జరిగిందన్నది అడ్డు కాదు. మిగతా షరతులు: మీకు 62 నిండాలి, మీరు ఒంటరిగా ఉండాలి, మీ సొంత రికార్డు మీద వచ్చేది దీనికంటే తక్కువగా ఉండాలి, ఆయనకు 62 దాటి, 40 క్రెడిట్లు (సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన ఉద్యోగానికి ఏడాదికి నాలుగు వరకు వచ్చే లెక్క) ఉండాలి. ఆయన ఇంకా పింఛనుకు దరఖాస్తు చేయకపోయినా, విడాకులై రెండేళ్లు దాటితే మీరు స్వతంత్రంగా దరఖాస్తు చేసుకోవచ్చు. మీకు పదిహేనేళ్లు దాటింది. తొమ్మిదేళ్ల పది నెలలకు డిక్రీ తెచ్చుకున్నవారి ఉత్తరాలు కూడా నాకు వస్తాయి. రెండు నెలలు ఆగి ఉంటే బాగుండేదని వారికి రాయడం చాలా కష్టం.

మొత్తం విషయానికి వస్తే, 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి పూర్తి వయసు, అంటే కోత లేకుండా పింఛను వచ్చే వయసు, 67. ఆ వయసులో తీసుకుంటే ఆయన పూర్తి వయసు పింఛనులో సగం వరకు మీకు వస్తుంది. 62కే తీసుకుంటే ఆయన మొత్తంలో 32.5 శాతమే, అదీ శాశ్వతంగా. ఆయన మొత్తం నెలకు 3,000 డాలర్లు అనుకుంటే, 62లో మీకు 975, 67లో 1,500. ఉద్యోగం లేక ఇప్పుడే అవసరం ఉంటే వేరే మాట గానీ, ఆరోగ్యం బాగుండి గడిచే దారి ఉంటే ఆగమనే నేను చెబుతాను. మీ ఆరేళ్ల ఉద్యోగానికి ఏడాదికి నాలుగు చొప్పున గరిష్ఠంగా 24 క్రెడిట్లే కనుక సొంతంగా పింఛను రాదు. ఇండియాలో చేసిన ఉద్యోగం ఏమైనా ఉంటే అదీ కలవదు, సర్వీసు కలిపి లెక్కించే ఒప్పందం రెండు దేశాల మధ్య ఇంకా లేదు.

ఆయన మీకంటే ముందు మరణిస్తే లెక్క మారుతుంది. పదేళ్ల వివాహం ఉన్న మాజీ భార్య 60 ఏళ్ల నుంచే తీసుకోవచ్చు. 60లో అయితే 71.5 శాతం, పూర్తి వయసులో అయితే ఆయన మొత్తం దాకా వస్తుంది. 60 దాటిన తర్వాత మీరు తిరిగి పెళ్లి చేసుకున్నా ఈ హక్కు పోదు, అంతకుముందు చేసుకుని ఉంటే మాత్రం ఆ పెళ్లి ఉన్నంతకాలం రాదు. 65 ఏళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో ఆసుపత్రి భాగం కూడా ఆయన రికార్డు మీద ప్రీమియం లేకుండా మీకు వస్తుంది.

దరఖాస్తుకు వివాహ రుజువు, విడాకుల తుది డిక్రీ కావాలి. 1990లో పెళ్లిని రిజిస్టరు చేయించుకున్నారో లేదో మీరు రాయలేదు. చాలామంది అమెరికా వీసా కోసం అప్పట్లో చేయించుకున్న సర్టిఫికెట్ పాత ట్రంకు పెట్టెల్లో ఉంటుంది, గుంటూరులో ఉన్నవారి చేత ఇప్పుడే వెతికించండి. ఇండియా వచ్చి స్థిరపడే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త: అమెరికా పౌరులకు ఇక్కడికి కూడా సొమ్ము వస్తుంది, పౌరసత్వం లేనివారు ఆరు నెలలకు మించి ఆ దేశం బయట ఉంటే వేరే షరతులు అడ్డు వస్తాయి.

401కె వంటి ఉద్యోగ నిధులకు ఈ పదేళ్ల నియమం లేదు. అక్కడ మాజీ భార్యకు వాటా రావాలంటే, వాడుక భాషలో ‘క్వాడ్రో’ అని పిలిచే ప్రత్యేక కోర్టు ఉత్తర్వు కావాలి, అది అమెరికా రాష్ట్ర చట్టం కింద వచ్చినదై ఉండాలి. ఇది మీ తర్వాతి తరం అమ్మాయిల కోసం రాస్తున్నాను. భర్త డాలస్‌లో, భార్య గుంటూరులో ఉండి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో డిక్రీ తెచ్చుకుంటే, ఆ డిక్రీ కాగితం చూపించి అక్కడి నిధిలో భాగం తీసుకోవడం కుదరదు. మీ 2009 డిక్రీలో ఆ పద్దు ఉందో లేదో ఒకసారి చదివించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు కేంద్ర ప్రభుత్వంలో పింఛనుదారు, 2018లో పోయారు. అమ్మకు 79, కుటుంబ పింఛను వస్తోంది. నాకు 44. పదేళ్లుగా పుట్టింట్లోనే ఉన్నాను, భర్తతో సంబంధం లేదు, సంపాదనా లేదు. అమ్మ తర్వాత నాకు వస్తుందా? కోర్టు ఖర్చులు భరించలేక విడాకులకు వెళ్లలేదు.
– రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడున్న స్థితిలో రాదు. వేరుగా ఉంటున్న కూతురికి కుటుంబ పింఛను లేదు, విడాకులు పొందిన కూతురికి ఉంది. 2017లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లిదండ్రులలో ఒకరైనా జీవించి ఉండగా విడాకుల కేసు కోర్టులో దాఖలై ఉంటే చాలు, డిక్రీ వారి మరణానంతరం వచ్చినా ఫరవాలేదు. కేసు కూడా వారి తదనంతరం వేస్తే మాత్రం తిరస్కరిస్తారు. ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దానిపై కరువు భత్యం కలిపిన మొత్తానికి లోబడి ఉండాలి. తిరిగి పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది.

మీకు ఉన్న గడువు మీ అమ్మగారి ఆయుష్షే. ఆవిడ నిండు నూరేళ్లు ఉండాలి, కానీ మీరు ఆ లెక్క మీద ఆధారపడవద్దు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. రాజమహేంద్రవరం కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కార్యాలయంలో తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇస్తే వకీలును వారే పెడతారు. పిటిషన్ నంబరు పడిన రోజున, ఆ నంబరు వేసి అమ్మగారి చేత సంతకం పెట్టించి, మీ పేరు రికార్డులో చేర్చమని ఆవిడ పింఛను కార్యాలయానికి ఒక ఉత్తరం పంపించండి.